ఉమ్మడి విమానం ఖర్చులు: గంటకు ఎంత, నెలకు ఎంత

ఐదుగురు కలిసి రెండు సీట్ల చిన్న విమానం కొన్నారు. మూడేళ్ళు తిరిగేసరికి ఖాతా ఖాళీ అయింది, విమానం హ్యాంగర్‌లోనే ఎక్కువగా ఉంటోంది, ఐదుగురిలో ఒకరు తన వాటా డబ్బు తనకిచ్చేయమంటున్నారు. ఇందులో ఎవరూ మోసం చేయలేదు, కట్టమన్న డబ్బు ఎవరూ ఎగ్గొట్టలేదు. ఖర్చు లెక్కగట్టిన పద్ధతే వాళ్ళను అక్కడికి తెచ్చింది. ఉమ్మడిగా విమానం కొనాలనుకునేవాళ్ళకు పనికొస్తుందని ఈ కేసు పూర్తిగా రాస్తున్నాం. మనుషులను గుర్తుపట్టే వివరాలు తీసేశాం. రూపాయల అంకెలు నిష్పత్తి చెడకుండా సవరించినవి, వాటిని మార్కెట్ ధరలుగా తీసుకోవద్దు.

నేపథ్యం

విమానం గరిష్ఠ బరువు 450 కిలోలు, ఖాళీ బరువు 285. ఇంజిన్ 100 హార్స్‌పవర్ రోటాక్స్ 912 యూఎల్‌ఎస్. కొన్నప్పటికి ఇంజిన్ వయసు 7 ఏళ్ళు, మీటరు మీద 310 గంటలు. ధర 45 లక్షలు, మనిషికి 9 లక్షలు. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లో ఐదుగురి పేర్లూ ఉన్నాయి. ఆ పని మొదట్లోనే సరిగ్గా చేసుకున్నారు. హైదరాబాద్‌లో చిన్న విమానాల మాట వస్తే నాదర్‌గుల్, బేగంపేట పేర్లే వినిపిస్తాయి. ఈ విమానం ఎక్కడ ఉందన్నది ఇక్కడ అవసరం లేదు.

యజమానులు ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ఒక సివిల్ కాంట్రాక్టర్, ఒక డాక్టర్, ఒక రిటైర్డ్ ఇంజినీరు, ఒక వ్యాపారి. అందరికీ లైసెన్సు ఉంది. ఒప్పందం అంటూ ఉన్నది 100 రూపాయల స్టాంపు పేపరు మీద ఒకే పేజీ: ‘ఖర్చులు ఐదుగురూ సమానంగా భరిస్తారు.’ ఏ ఖర్చులు, ఎప్పుడు, ఎవరైనా తప్పుకుంటే ఏం చేయాలి అన్న మాట అందులో లేదు.

ఏడాది స్థిర ఖర్చు ఇలా ఉండేది. హ్యాంగర్ అద్దె 1,80,000, బీమా 1,10,000, వార్షిక తనిఖీ, ఏఎంఈ (విమానాల మెయింటెనెన్స్ ఇంజినీరు) ఫీజు, ఎగరడానికి తగినదని చెప్పే ఎయిర్‌వర్దీనెస్ కాగితాల రెన్యువల్ కలిపి 1,40,000, తుడిచి తోసిపెట్టే హెల్పర్‌కు 60,000, బ్యాటరీ, రేడియో చెకింగ్ లాంటి చిల్లర 30,000. మొత్తం 5,20,000. విమానం ఒక్క గంట ఎగరకపోయినా ఇది కట్టాల్సిందే. ఎగిరితే ఇంజిన్ మీటరు గంటకు ఇంధనం కాక మరో 1,200: ఆయిలు, ఫిల్టరు, ప్లగ్గులు, టైర్లు, బ్రేక్ ప్యాడ్లు, ప్రొపెల్లర్ అరుగుదల, 100 గంటల తనిఖీ కూలి.

వచ్చిన సమస్య

లెక్క సరిచేయమని వాళ్ళు మమ్మల్ని పిలిచేటప్పటికి మూడు పనులు ఒకేసారి మీదపడ్డాయి. ఇంజిన్‌కు 10 ఏళ్ళు నిండుతున్నాయి. రోటాక్స్ 912లో ప్రతి 5 ఏళ్ళకూ రబ్బరు భాగాలన్నీ మార్చాలి: ఇంధనం, ఆయిలు, కూలెంట్ గొట్టాలు, కార్బ్యురేటర్ సాకెట్లు, డయాఫ్రమ్‌లు. చూడ్డానికి బాగున్నాయని వదిలేసే వస్తువులు కావివి. విడిభాగాలు, రవాణా, కూలి, చివర్లో రెండు కార్బ్యురేటర్లను సమం చేసే పని కలిపి అంచనా 2,40,000 వచ్చింది. ఖాతాలో అంత డబ్బు లేకపోగా, హ్యాంగర్‌కూ ఏఎంఈకీ కలిపి 64 వేల దాకా బాకీ తేలింది. అదే వారంలో వ్యాపారి తన 9 లక్షలు అడిగారు.

మూడో సంగతి చిన్నదే. ప్రొపెల్లర్ అంచున ఒక రాయి దెబ్బ కనపడింది. ఎవరి చేతిలో తగిలిందో లాగ్‌బుక్‌లో లేదు. అడిగితే ఎవరూ మాట్లాడలేదు. డబ్బు తగాదాకన్నా మమ్మల్ని ఎక్కువ కంగారుపెట్టింది ఈ మౌనమే. దెబ్బ తగిలినా చెప్పకుండా విమానాన్ని తర్వాతివాళ్ళకు అప్పగించే అలవాటు మొదలైతే ఖర్చుల గురించి మాట్లాడుకుని ప్రయోజనం లేదు.

అప్పటికే వాళ్ళు ప్రయత్నించినవి

మొదటి ఏడాది ఇంధనంతో సహా అన్నీ ఐదు భాగాలు చేసుకున్నారు. ఆ ఏడాది ఎగిరిన గంటలు వరసగా 52, 34, 24, 16, 6. మొత్తం 132. ఈ ఇంజిన్ గంటకు సుమారు 18 లీటర్లు తాగుతుంది. అంటే ఏడాదికి 2,376 లీటర్లు, మనిషి వాటాకు 475. ఆరు గంటలు ఎగిరిన వ్యాపారి నిజంగా కాల్చింది 108 లీటర్లు. "అన్నా, నేనెక్కని బండికి పెట్రోలు నేనెందుకు పోయాలె?" అని ఆయన అడిగారు. అడగడంలో తప్పు లేదు.

దానికి విరుగుడుగా రెండో ఏడాది అన్నిటినీ గంటల్లోకి మార్చేశారు. స్థిర ఖర్చు 5,20,000ను కిందటేడు 132 గంటలతో భాగిస్తే గంటకు 3,939. దానికి గంట ఖర్చు 1,200, కొత్త ఇంజిన్ కోసం 1,300 కలిపి 6,450 రేటు పెట్టారు. ఇంధనం ఎవరిది వాళ్ళదే. ఎగిరినవాళ్ళే కడతారు కాబట్టి చూడ్డానికి న్యాయంగానే ఉంది.

అసలు నష్టం ఇక్కడ మొదలైంది. వ్యాపారి ఎగరడం మానేశారు, పైసా కట్టలేదు, ఐదో వాటా మాత్రం ఆయన దగ్గరే ఉంది. డాక్టర్ 24 నుంచి 12కు, రిటైర్డ్ ఇంజినీరు 16 నుంచి 8కి తగ్గారు. మిగతా ఇద్దరి గంటలూ కొంత తగ్గాయి. మొత్తం 92 గంటలు. 132 గంటల మీద రావలసిన స్థిర ఖర్చు 92 గంటల మీద రాదు కదా, 1,57,612 తక్కువపడింది. మూడో ఏడాది ఆ 92తో మళ్ళీ భాగించి రేటు 8,150 చేశారు. గంటలు 71కి పడిపోయాయి. ఇంకో 1,18,708 లోటు. రేటు పెరిగితే గంటలు తగ్గడం, గంటలు తగ్గితే రేటు పెరగడం. ఇలా రెండేళ్ళకు 2,76,320 లోటు తేలింది. ఆ రెండేళ్ళలో ఇంజిన్ పేరున వసూలైన 2,11,900ను విడిగా దాచలేదు, ఒకే ఖాతాలో ఉంచారు. హ్యాంగర్ అద్దెకు చెక్కులు రాస్తుంటే ఇంజిన్ డబ్బే ఎవరికీ తెలియకుండా కరిగిపోయింది. పోగా మిగిలినదే ఆ 64 వేల బాకీ.

అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగుల్లో కూర్చున్నవాళ్ళకు ఇది తెలిసిన గొడవే. కింది ఫ్లోరువాళ్ళు లిఫ్ట్ ఖర్చు మేమెందుకు కట్టాలంటారు. లిఫ్ట్‌కు కాలే కరెంటు విషయంలో వాళ్ళు చెప్పేది కొంత సబబే. లిఫ్ట్ తాడు మాత్రం ఎవరు ఎక్కినా ఎక్కకపోయినా పాతబడుతుంది. ఈ ఐదుగురూ కరెంటు బిల్లునూ తాడు ధరనూ ఒకే పద్దులో వేశారు.

ఇంజిన్‌ను గంటలతో కొలిస్తే వచ్చే తప్పు

ఇంజిన్ నిధి లెక్క ఇంకా లోతుగా తప్పింది. ఈ ఇంజిన్‌కు తయారీదారు ఇచ్చిన గడువు 2,000 గంటలు లేదా 15 ఏళ్ళు, ఏది ముందైతే అది. మార్చడానికి అంచనా 26 లక్షలు. వాళ్ళు 26 లక్షలను 2,000తో భాగించి గంటకు 1,300 అన్నారు. గంటల గడువు ముందు రావాలంటే ఏడాదికి 133 గంటలు ఎగరాలి. ఆదివారాలు మాత్రమే ఎగిరే గ్రూపుల్లో అది అరుదు. ఏడాదికి సగటున 95 గంటలు ఎగిరితే 15 ఏళ్ళకు 1,425 గంటలు, వసూలయ్యేది 18,52,500. దాదాపు ఏడున్నర లక్షలు తక్కువపడతాయి. ఆ సంగతి పదిహేనో ఏట తెలుస్తుంది. అప్పటికి మొదటి యజమానుల్లో సగంమంది వెళ్ళిపోయి ఉంటారు.

అందుకని మేము ప్రతి ఖర్చుకూ ఒకే ప్రశ్న వేశాం: విమానం ఏడాదంతా తాళం వేసి ఉంటే ఈ ఖర్చు ఆగుతుందా? ఆగితే అది గంటల పద్దు, ఆగకపోతే నెలల పద్దు. హ్యాంగర్, బీమా గురించి ఎవరికీ అనుమానం రాలేదు. రబ్బరు, ఇంజిన్ కూడా నెలల పద్దులోకే వస్తాయన్నప్పుడు మాత్రం గట్టి వాదన జరిగింది. "సార్, ఇంజిన్ తిరగకుండా ఎట్ల అరుగుద్ది?" అని కాంట్రాక్టర్ అడిగారు. తిరగని ఇంజినే ముందు పాడవుతుంది. ఆయిలు ఒక్కసారైనా 100 డిగ్రీల దాకా వేడెక్కకపోతే లోపల చేరిన తేమ ఆవిరైపోదు, అక్కడే ఉండి తుప్పు పట్టిస్తుంది. హైదరాబాద్‌లో జూన్ నుంచి సెప్టెంబరు దాకా విమానం వారాల తరబడి కదలదు. ఆ నాలుగు నెలల్లో కేలెండర్ మాత్రం ఆగదు.

ఇంధనంలో జరిగిన మార్పు

గంట ఖర్చును పెంచిన మార్పు మరొకటి బయటపడింది. మొదట్లో వీళ్ళు బంకులో ప్రీమియం పెట్రోలు వాడేవారు. 912 యూఎల్‌ఎస్‌కు కనీసం 95 ఆక్టేన్ కావాలి, ఇథనాల్ 10 శాతం దాటకూడదు. దేశంలో పెట్రోలు ఇప్పుడు ఈ20కి, అంటే 20 శాతం ఇథనాల్‌కు చేరింది. ఇథనాల్ శాతం తెలుసుకోవడానికి తేలికైన పరీక్ష ఉంది. 100 మిల్లీలీటర్ల కొలగొట్టంలో 10 మి.లీ. నీళ్ళు, 90 మి.లీ. పెట్రోలు పోసి కుదిపి నిలబెట్టాలి. ఇథనాల్ నీటిలోకి దిగుతుంది. అడుగున పొర 10 దగ్గరే ఉంటే ఇథనాల్ లేదు, 19 దగ్గర ఆగితే 10 శాతం, 28 దగ్గర ఆగితే 20 శాతం. వీళ్ళ నమూనాలో 27 వచ్చింది. ఆ రోజు నుంచి డ్రమ్ముల్లో విమానాల పెట్రోలు అవ్‌గ్యాస్ 100 ఎల్‌ఎల్ తెప్పించుకోవడం మొదలుపెట్టారు.

అవ్‌గ్యాస్‌లో సీసం ఉంటుంది. అందువల్ల 100 గంటలకు మార్చే ఆయిలు 50 గంటలకే మార్చాలి, గేర్‌బాక్స్ తనిఖీ కూడా ముందుకు జరుగుతుంది. పైన చెప్పిన 1,200 ఈ మార్పు కలుపుకున్నాక వచ్చిన అంకె. ఇంధనం మారితే గంట రేటు మళ్ళీ కట్టాలని ఒప్పందంలో ప్రత్యేకంగా రాయించాం.

మేము ముందు చెప్పింది, అది ఎందుకు నిలవలేదు

మా తొలి ప్రతిపాదన: నెలసరి చందా కొంత తక్కువగా పెట్టి, దానికి తోడు ఆరు నెలల్లో మనిషి కనీసం 10 గంటలు ఎగరాలి, ఎగరకపోయినా 10 గంటల డబ్బు కట్టాలి. గంటలు పడిపోకుండా కాపాడుతుందని, ఎవరి చెయ్యీ మొద్దుబారదని అనుకున్నాం. అక్టోబరు నుంచి మార్చి దాకా నడిపారు.

మార్చి చివరి మూడు వారాల్లో 23 గంటలు ఎగిరారు. డబ్బు ఎలాగూ కట్టాం, గంటలు వృథా పోకూడదన్న తొందర. 70 రోజులుగా విమానం ముట్టని డాక్టర్ పొద్దుటి స్లాట్ దొరక్క మధ్యాహ్నం మూడింటికి, తోడు ఒకరిని కూర్చోబెట్టుకుని బయల్దేరారు. విమానం లేవదని తోచి టేకాఫ్ మధ్యలో ఆపేశారు. ఆపడం మంచి నిర్ణయమే. ఆ పరిస్థితి తెచ్చిపెట్టింది మాత్రం మా నిబంధన. శంషాబాద్ విమానాశ్రయం ఎత్తు 2,024 అడుగులు, నగరం దక్షిణపు అంచున నేల దాదాపు అంతే ఎత్తు. 40 డిగ్రీల ఎండలో అక్కడి గాలి 5,500 అడుగుల ఎత్తున ఉండేంత పలచబడుతుంది. అదే రోజు పొద్దున 26 డిగ్రీలప్పుడు 3,800 దగ్గర ఉంటుంది. కనీస గంటల షరతును మర్నాడే ఎత్తేశాం. మనిషిని విమానం దగ్గరికి తొందరపెట్టి పంపే ఏ లెక్కా పనికిరాదు.

అదే సమయంలో ఇంజిన్ మానిటర్ డేటా దింపి చూస్తే ఇంకో సంగతి కనపడింది. పూర్తి పవర్ ఇచ్చే ముందు ఆయిలు కనీసం 50 డిగ్రీలకు రావాలి. చాలా టేకాఫ్‌లు 38, 42 డిగ్రీల దగ్గరే జరిగాయి. కారణం డబ్బే. ఇంజిన్ స్టార్ట్ అయిన క్షణం నుంచి తిరిగే మీటరును బట్టి వసూలు చేస్తున్నారు కాబట్టి, చలికాలం పొద్దున వార్మప్‌కు పట్టే ప్రతి నిమిషానికీ జేబులోంచి పోతోంది. వసూలును గాల్లో ఉన్న సమయానికి మార్చాం. వాళ్ళ లాగ్‌లో 40 మీటరు గంటలకు 33 గంటలు గాల్లో ఉన్నాయి. కాబట్టి 1,200ను 1,450 చేస్తే వచ్చే డబ్బు అంతే, నేలమీద నిలబడ్డ నిమిషాలకు మాత్రం ఛార్జీ లేదు. తర్వాతి నెలల్లో 50 డిగ్రీలకు తక్కువలో టేకాఫ్ ఒక్కటీ నమోదు కాలేదు. తనిఖీలకు మాత్రం మీటరు గంటలే లెక్క.

చివరికి నిలిచిన లెక్క

నెలసరి చందాలో మూడు ముక్కలు. స్థిర ఖర్చుకు మనిషికి 8,667. ఇంజిన్‌కు 26 లక్షలను 180 నెలలతో భాగించి ఐదు వాటాలు వేస్తే 2,889. రబ్బరుకు 2,40,000ను 60 నెలలతో, ఐదుగురితో భాగిస్తే 800. మొత్తం 12,356, గుండుగా 12,400. గాల్లో గంటకు 1,450. ఇంధనం లీటరు లెక్కన, డ్రమ్ము ధరకే. ఏడాదిలో మీటరు 133 గంటలు దాటితే దాటిన గంటలకు మాత్రం 1,300 చొప్పున ఇంజిన్ నిధికి.

నిధికి వేరే బ్యాంకు ఖాతా, ఇద్దరి సంతకాలు ఉంటేనే డబ్బు కదులుతుంది. హ్యాంగర్ అద్దె ఆ ఖాతాలోంచి ఎప్పుడూ కట్టకూడదు.

ఈ లెక్కలో ఏడాదికి 50 మీటరు గంటలు ఎగిరేవారికి ఇంధనం కాక గంటకు 4,176 పడుతుంది. 15 గంటలు ఎగిరేవారికి 11,120. ఈ రెండో అంకెను మేము దాచలేదు, అందరి ముందూ పెట్టాం. ఏడాదికి 15 గంటలే ఎగిరే మనిషికి సొంత వాటా దండగ, అద్దెకు ఎగరడం మేలు. గంటల రేటు పద్ధతి ఈ నిజాన్ని రెండేళ్ళు కప్పిపెట్టింది. రెండోవైపు, చందా కట్టేసిన మనిషికి తర్వాతి గంటకు 1,450, దానికి తోడు ఇంధనం, అంతే. 8,150 అయినప్పుడు ఆదివారం పొద్దున ‘ఇవాళ వద్దులే’ అనుకునే మనిషి ఇప్పుడు ముప్పై నిమిషాలైనా ఎగిరి వస్తాడు. చెయ్యి ఆడుతూ ఉంటుంది. మాకు ముఖ్యం అదే. మొదటి పూర్తి ఏడాది మొత్తం 118 మీటరు గంటలు వచ్చాయి.

దానికి తోడు ఒక నియమం: 45 రోజులు ఎగరకపోతే ముందు ఇన్‌స్ట్రక్టర్‌తో ఒక ఫ్లైట్ చేయాలి, ఆ ఫ్లైట్‌కు గంట ఛార్జీ లేదు, ఇంధనం చాలు. దీనికి గ్రూపుకు ఏడాదికి అయిన ఖర్చు ఏడు వేలు కూడా లేదు.

ఇంధనం విషయంలో ఒక మర్యాద మానేయాల్సి వచ్చింది. దిగినవాళ్ళు ట్యాంకు నింపి పెట్టేవారు, తర్వాతివాళ్ళకు సాయమని. 450లోంచి 285 తీస్తే మిగిలేది 165 కిలోలు. 75 కిలోల మనుషులు ఇద్దరు కూర్చుంటే ఇంధనానికి 15 కిలోలే, అంటే దాదాపు 21 లీటర్లు. నిండు ట్యాంకు దొరికిన మనిషి లీటర్ల కొద్దీ బయటికి తోడాలి, లేకపోతే బరువు మించి ఎగరాలి. ఇప్పుడు 20 లీటర్ల దగ్గర వదలాలి. కొలపుల్ల పెట్టి చూసి రాయాలి.

పాత బాకీ, వాటా అమ్మకం

రబ్బరు 2,40,000, బాకీ 64,000 కలిపి 3,04,000. మనిషికి 60,800 చొప్పున ఒక్కసారే వసూలు చేశాం, వెళ్ళిపోతున్న వ్యాపారి వాటా ఆయన అమ్మకం డబ్బులో మినహాయించుకునేలా. ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి అడ్డం తిరిగారు. రెండేళ్ళు అందరి హ్యాంగర్ అద్దె తన గంటల్లోంచే పోయిందని, పాత లెక్క తిరగతోడాలని ఆయన పట్టు. లెక్కప్రకారం ఆయన మాట నిజం. అయినా వద్దన్నాం. ఆ రేటుకు ఐదుగురూ ఒప్పుకునే ఎగిరారు. ఒక ఏడాది తిరగతోడితే మొదటి ఏడాది ఇంధనమూ తిరగతోడాలి, అక్కడ ఆయనే బాకీపడతారు. ఆయన ఇష్టంగా ఒప్పుకోలేదు, ఒప్పుకున్నారు.

వ్యాపారి వాటా ధరకు ఆధారం కొన్న ధర కాదు, నేటి ధర. గొట్టాలు మార్చి ఎగరడానికి సిద్ధంగా ఉన్న విమానానికి 40 లక్షలని తేలింది. వాటా 8 లక్షలు. మిగతావాళ్ళు ఇందులోంచి మూడేళ్ళ ఇంజిన్ అరుగుదల 1,04,000 కూడా తీసేయాలన్నారు. అది రెండుసార్లు కోయడం అవుతుంది, ఎందుకంటే ఆ 40 లక్షలు పదేళ్ళ ఇంజిన్‌ను చూసి కట్టిన ధరే. గొట్టాలు మార్చినట్టు భావించి ధర కట్టారు కాబట్టి ఆ ఖర్చు వాటా, పాత బాకీ వాటా కలిపి 60,800 మాత్రం తీసేయాలి. చేతికి వచ్చింది 7,39,200. ఇకముందు తప్పుకునేవారికి నేటి ధర వాటాతోపాటు నిధిలోని వాటా కూడా వస్తుంది, కొత్తగా వచ్చేవారు ఆ రెండూ కట్టి చేరాలి. కొనే మనిషి దొరికేదాకా తప్పుకునేవారు చందా కడుతూనే ఉండాలి. వాటా ముందు మిగతావాళ్ళకు చూపాలి, 30 రోజులు గడువు. కొత్త మనిషి వీళ్ళ ఇన్‌స్ట్రక్టర్‌తో ఎగరాలి, మిగిలిన నలుగురూ ఒప్పుకోవాలి. ఎవరైనా చనిపోతే వారసులకు డబ్బు వస్తుంది, సీటు రాదు.

కంపెనీ పెట్టాలా అన్న ప్రశ్న వచ్చింది. ఎల్‌ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్యం) లాభం కోసం చేసే వ్యాపారానికి ఉద్దేశించింది, సరదా విమానానికి కుదరదు. ప్రైవేట్ లిమిటెడ్ పెడితే వాటా మారినా రిజిస్ట్రేషన్‌లో యజమాని పేరు మారక్కర్లేదు, అది సుఖమే. కానీ ఏటా ఆడిట్, రిటర్నులు తప్పవు. ఐదుగురికి అంత బరువు వద్దనుకుని ఉమ్మడి యాజమాన్యమే ఉంచారు. వసూళ్ళన్నీ కలిపినా జీఎస్టీలో సేవలకున్న 20 లక్షల పరిమితికి చాలా కింద ఉన్నాయి. హ్యాంగర్ ఖర్చు రాబట్టడానికి తెలిసినవాళ్ళను డబ్బు తీసుకుని తిప్పుదామని ఒకరు సూచించారు. ప్రైవేట్ కేటగిరీ విమానంలో అది కుదరదు, బీమా కూడా చెల్లదు. ఆ మాట ఒప్పందంలో మొదటి పేజీలోనే ఉంది.

దెబ్బ తగిలితే ఎవరు కట్టాలి

బీమా క్లెయిమ్‌లో యజమానులు ముందు భరించాల్సిన మొత్తం 1,50,000. నడిపినవారే అంతా కట్టాలంటే దెబ్బను దాచిపెట్టాలనిపిస్తుంది. అందరూ పంచుకుంటే జాగ్రత్త తగ్గుతుంది. అందుకే ఇలా రాశాం: అదే రోజు చెప్తే నడిపినవారి మీద 50,000 మించి పడదు, మిగతాది గ్రూపుది. తర్వాత బయటపడితే మొత్తం ఆ మనిషిదే. ఎగిరే ముందూ దిగాకా ప్రొపెల్లర్ రెండు బ్లేడ్లు, మూడు చక్రాలు, కౌలింగ్ (ఇంజిన్ మీది కవరు) కింది భాగం ఫోన్లో ఫొటో తీసి గ్రూపులో పెట్టాలి. రెండు నెలలకే రిటైర్డ్ ఇంజినీరు ఫోన్ చేసి, విమానాన్ని నేలమీద నడుపుతుంటే చక్రం గుంతలో పడిందని తనంతట తనే చెప్పారు. వీల్ ఫెయిరింగ్ (చక్రం మీది తొడుగు) పగిలింది, ఆరు వేలతో పోయింది. దెబ్బ తగిలిన రోజే ఆ మాట నోటితో చెప్పడం ఈ గ్రూపులో అదే మొదటిసారి.

ఆదివారం పొద్దున

గంటలకు కొరత లేదు, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా శని, ఆదివారాల్లో మంచు విడిచాక ఎనిమిది నుంచి పదిన్నర వరకూ ఉండే సమయానికే కొరత. చిట్టీ పాట వరసలా నెలనెలా ముందు ఎంచుకునే వంతు మారుతుంది, మనిషికి నెలకు అలాంటివి ఒకటే. గురువారం రాత్రి తొమ్మిదిలోపు ఖాయం చేయకపోతే ఎవరైనా తీసుకోవచ్చు. సంక్రాంతి, దసరా సెలవులు వేరే చీటీ. ఏప్రిల్, మేల్లో తొమ్మిదిన్నర దాటాక ఇద్దరితో టేకాఫ్ లేదు.

ఇంకో గ్రూపుకు చెప్పాల్సి వస్తే

ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని సామెత. ఈ విమానం దాదాపు అక్కడిదాకా వెళ్ళింది. ఎవరైనా కలిసి కొనే ముందు ఇంజిన్ గంటలతోపాటు వయసు, గొట్టాలు చివరిసారి మార్చిన తేదీ అడగాలి. 310 గంటలే అని సంతోషపడిన ఈ ఐదుగురూ అప్పటికే 15 ఏళ్ళలో 7 ఏళ్ళు అయిపోయిన ఇంజిన్ కొన్నారు. ఆ ఏడేళ్ళ అరుగుదల వాళ్ళు కొన్న ధరలోనే తగ్గాలి, తర్వాత ఎవరి చందాలోంచీ రాదు. ఖర్చులు ఎలా పంచుకోవాలన్న చర్చలో కన్నా, తప్పుకునేటప్పుడు ఎలా లెక్కగడతామన్న చర్చలో మనుషులు ఒకరికొకరు తెలుస్తారు. అది డబ్బు కట్టకముందే జరగాలి. రేటు కట్టేటప్పుడు దానివల్ల మనిషి ఏం చేయబోతాడో కూడా చూడాలి. మీటరు లెక్క వార్మప్‌ను తినేసింది, కనీస గంటలు ఎండలోకి తోశాయి. మంచి పైలట్లే ఈ రెండూ చేశారు.

ఈ విమానానికి ఇంకో భారం మిగిలే ఉంది. కొత్త లెక్క మొదలయ్యేనాటికి ఇంజిన్‌కు పదేళ్ళు నిండాయి, నిధిలో ఏమీ లేదు. పదిహేనో ఏటికి చందాలతో చేరేది 8.67 లక్షలు. 26 లక్షలకు ఇంకా 17.33 లక్షలు కావాలి, మనిషికి దాదాపు 3.47 లక్షలు. దీన్ని ఇప్పుడే చందాలో కలిపితే నెలకు ఇంకో 5,800 పడుతుంది, పాత నలుగురిలో ఇద్దరు తప్పుకుంటారు. అందుకని కలపలేదు. ఇంజిన్ మార్చాలా, విమానం అమ్మేయాలా అన్నది పద్నాలుగో ఏట అక్టోబరులో ఓటు వేసి తేల్చుకుంటారు. వ్యాపారి స్థానంలో చేరిన కొత్త యజమాని ఒప్పందంలో ఆ తేదీ, ఆ 3.47 లక్షల అంకె ఒకే పేరాలో ఉన్నాయి. దాని కింద ఆయన విడిగా సంతకం పెట్టారు.